జమున రాసిన నాలుగో జవాబు

సరైన జవాబు ఎవరైనా రాస్తారు. పనితనమంతా తప్పు జవాబుల్లో ఉంటుంది. పన్నెండూ తొమ్మిదీ కలిపితే ఎంత అని అడిగి, కింద 21, 500, 3 అని ఇచ్చారనుకోండి, కూడిక రాని పిల్ల కూడా 21 నొక్కి మార్కు గెలుచుకుంటుంది. జమున అలా రాయదు. 21, 11, 111 అని రాస్తుంది. చేతిలో మిగిలిన ఒకటిని మరచిపోయే పిల్ల కన్ను 11 మీద పడుతుంది. ఆ ఒకటిని ఎక్కడ కలపాలో తెలియక పక్కనే పెట్టేసే పిల్లవాడు 111 నొక్కుతాడు. నొక్కిన తప్పును బట్టి ఎక్కడ తడబడ్డారో పట్టుకోవచ్చు. భివండీ పద్మనగర్‌లో, మరమగ్గాల కార్ఖానా మీద మాలా అనే చెక్కల అటకగదిలో పదేళ్ళుగా ట్యూషన్లు చెబుతూ కొన్ని వేల తప్పులను కళ్ళారా చూసిన మనిషి ఆమె. పిల్లలు దేవుళ్ళని ప్రసంగాలు చేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. పిల్లల తప్పులను ఓపిగ్గా చూసేవాళ్ళు తక్కువ.

పుణెలో ఆఫీసు ఉన్న ‘బొంగరం’ అనే యాప్ వాళ్ళకు ఆమెలో నచ్చిందీ అదే. తెలుగు నేలకు దూరంగా పెరిగే ఆరేడేళ్ళ పిల్లలకు ఫోన్లో పాఠాలు, పాఠం చివర ఆటలాంటి ప్రశ్నలు, అదీ యాప్. రాయడానికి అయిదుగురిని నాలుగు నెలల పరీక్షకు తీసుకున్నారు. ఈ శుక్రవారం సాయంత్రం ఆరింటితో ఆ గడువు ముగుస్తుంది. ఇద్దరికి ఏడాది ఉద్యోగం, మిగతా ముగ్గురికి కృతజ్ఞతలు. 

కృతజ్ఞతలు తన కోడలి వంతుకు వస్తే ఏం చేయాలో అత్త ఎల్లమ్మ ముందే చూసుకుంది. కింద కార్ఖానా సేఠ్‌తో మాట్లాడి, సోమవారం నుంచి జమున కండెల మిషన్ మీద కూర్చుంటుందని చెప్పి వచ్చింది. మగ్గం నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టే ఆ మిషన్ ముందు జమున పన్నెండేళ్ళప్పుడు, బడి మానేశాక కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళకు లేచింది. మధ్యలో ఆ స్టూలు మీదే చదువుకుని దూరవిద్యలో బీఏ పూర్తి చేసింది. శ్రమలో గౌరవం ఉందని ఉపన్యసించేవాళ్ళను పన్నెండు గంటల షిఫ్టు ఒక్కటంటే ఒక్కటి ఆ స్టూలు మీద కూర్చోబెట్టాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక.

ఇంతవరకు అంతా బాగానే నడిచింది. చిక్కు ‘విని చెప్పు’ పాఠంతో వచ్చింది.

ఆ పాఠంలో ఒక చప్పుడు వినిపిస్తుంది. అది దేనిదో మూడు బొమ్మల్లో ఒకటి నొక్కి చెప్పాలి. ప్రశ్నలు జమున రాస్తుంది, చప్పుళ్ళు పుణె స్టూడియోలో స్వప్నిల్ అనే అతను కూర్చి పంపిస్తాడు. బుధవారం వచ్చిన పన్నెండు చప్పుళ్ళలో ఏడోదీ పదకొండోదీ ఖాళీగా ఉన్నాయి. నొక్కితే తెర మీద గీత కదులుతోంది, చప్పుడు మాత్రం లేదు. జమున చెవిలో తీగలు పెట్టుకుని నాలుగుసార్లు విన్నది. భర్త దత్తాత్రికి వినిపించింది. అత్తకు వినిపించింది. ట్యూషన్‌కు వచ్చిన ఆరుగురు పిల్లలకూ పాఠం ఇచ్చి చూస్తే ఆరుగురూ ఆ రెండు ప్రశ్నల దగ్గరే బోల్తాపడ్డారు, యాప్ వాళ్ళను ఒక మెట్టు కిందికి దించింది. కింద ఇరవై నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి కదా అని ఆమెకు తోచలేదు. పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ హోరు ఆమె లెక్కలో చప్పుడు కాదు, గోడ రంగు లాంటిది.

వెంటనే మెయిలు రాసింది. “ఏడు, పదకొండు ఖాళీ. మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం విన్నాం, ఆరుగురు పిల్లలు విన్నారు. ఎవరికీ ఏమీ వినిపించలేదు. పంపేముందు స్టూడియోలో ఒకసారి వింటే మంచిది.” ఆ చివరి వాక్యం అక్కర్లేదు. పైగా మెయిలు యాప్‌లో పనిచేసేవాళ్ళందరికీ పంపింది.

పాఠాల బాధ్యత చూసే అనురాధ గురువారం బదులిచ్చింది. “ఇక్కడ నలుగురం విన్నాం, బాగానే ఉన్నాయి. మీ ఫోన్ చూసుకోండి.” జమునకు ఒళ్ళు మండింది. దత్తాత్రి ఫోన్లో విన్నది, కొత్త తీగలు కొని విన్నది, ఇంకో మెయిలు కొట్టింది. “రెండు ఫోన్లు మార్చాను. పాఠాలు ఆలస్యమైతే బాధ్యత నాది కాదు.” శుక్రవారం పొద్దున్నే జవాబు వచ్చింది: “మూడింటికి వీడియో కాల్. స్వప్నిల్ కూడా ఉంటారు. మీ దగ్గరే ప్లే చేసి చూపించండి.”

అంటే ఆరింటికి తేలాల్సింది మూడింటికే తేలిపోతుంది. తప్పు స్టూడియోదని తేలితే సరే. తనదని తేలితే, ఇద్దరిలో ఒకరిగా ఉంచుకోవడానికి వాళ్ళేం పిచ్చివాళ్ళు కాదు.

జమున సాక్ష్యం సిద్ధం చేయాలనుకుంది. శుక్రవారం భివండీ మగ్గాలకు వారపు సెలవు. కార్ఖానా నిశ్శబ్దంగా ఉంది. కిటికీ మూసి, ఫోన్ చప్పుడు చివరంటా పెంచి, ముందు తానే విన్నది. ఏమీ లేదు. ఆమెకు సంతోషం వేసింది. మధ్యాహ్నం బడికి వెళ్ళే పిల్లల్ని పదకొండింటికే పిలిచి చాప మీద కూర్చోబెట్టింది. దత్తాత్రి ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి వీడియో నొక్కింది. ఆరుగురు పిల్లలు వరసగా లేదు లేదంటుంటే, మూడింటికి అనురాధ ముఖం చూడాలి.

“ఇగో, ఎవ్వరు సప్పుడు జేయద్దు. ఏడో నెంబర్ పెడుతున్న. ఇనబడ్తె ఇనబడ్డదని, లేకుంటె లేదని జెప్పుండ్రి. అబద్ధం వద్దు.”

నొక్కింది.

“రాత్‌కిడా!” అన్నాడు వైభవ్.

“ఏందిరా?”

“రాత్‌కిడా, టీచర్. రాత్రి మురికి మోరీ కాడ కిర్రు కిర్రుమంటది గదా, గదే.”

“తెలుగుల జెప్పు.”

“తెలుగుల ఏమంటరో మాలుమ్ లేదు.”

“కీచురాయి,” అంది సాక్షి పెద్దరికంగా. “మా అమ్మమ్మ అంటది. వీనికి ఏం రాదు టీచర్.”

జమున ఆరుగురి ముఖాలూ చూసింది. “మొన్న అందరు లేదన్నరు గదా?”

“మొన్న సాంచలు నడుస్తుండె,” అన్నాడు వైభవ్, కింది మగ్గాల వైపు వేలు చూపి, ఇంత చిన్న సంగతి టీచర్‌కు చెప్పాల్సి వచ్చినందుకు జాలిపడుతూ. “ఆజ్ బంద్ హై నా.”

అందరూ కూడబలుక్కుని ఆట పట్టిస్తున్నారనుకుంది. పిల్లల మాయలు పట్టుకోవడం ఆమె వృత్తి. వాళ్ళను గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. “పదిసార్లు పెడుత. ఇనబడ్డప్పుడే చెయ్యి లేపాలె. పక్కోన్ని జూసి లేపితె గుంజీళ్ళు.” మొదటిసారి నొక్కింది, ఆరు చేతులు లేచాయి. రెండోసారి వేలు టపామని తగిలించింది గాని నొక్కలేదు. ఒక్క చెయ్యీ లేవలేదు. మూడోసారి, నాలుగోసారి వరసగా నొక్కింది. అయిదోసారి ఊరికే దగ్గింది. ఎనిమిదో దానికి సాక్షి వెనక్కి తిరక్కుండానే అన్నది, “టీచర్, మీరు ఉత్తగనే నొక్కినట్టు జేస్తున్నరు.”

పదికి పది. పదకొండో చప్పుడు కూడా అంతే. అది ఏదో సన్న గొంతు పిట్టట. పిల్లలు దాన్ని వెక్కిరించి చూపించారు కూడా. ఆ వెక్కిరింపు జమునకు వినిపించింది. బియ్యం డబ్బా దగ్గర వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. తన మీద తానే తయారు చేసుకున్న సాక్ష్యాన్ని ఆమె వెళ్ళి ఆపింది.

పిల్లలు దిగిపోయాక మెట్ల మీద బట్టలు ఆరేస్తున్న అత్త దగ్గరకు వెళ్ళింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే గల్లీలో సగం మందికి వినిపిస్తుంది. ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడటమంటే ఏదో దాస్తున్నట్టు.

“అత్తా, నీకు కీచురాళ్ళు ఇనబడ్తయా?”

“ఊర్ల ఉన్నప్పుడు ఇంటుంటి. గీడికొచ్చినంక ఇనలే. గీ ఊర్ల లెవ్వనుకున్న.”

“ఉన్నయట. రాత్రయితె మోరీ కాడ అరుస్తయట.”

ఎల్లమ్మ చీర దులిపి తీగ మీద వేసింది. “అయితె ఉండొచ్చు. సాంచల కాడ పనిజేస్తె చెవులు మొద్దువడ్తయి. నాయి పోయి ఇరవయ్యేండ్లు. మీ మామకు గంతే, దత్తుకు గంతే. చేతులకు కాయలు గాస్తలెవ్వా, గదీ గట్లనే.”

“మరి నాకు ఎన్నడు జెప్పలే?”

“జెప్తె మాత్రం ఇనబడ్తుండెనా నీకు?” అని ఎల్లమ్మ నవ్వింది.

జమునకు నవ్వు రాలేదు. తన మెయిలు గుర్తొచ్చింది. ముగ్గురు పెద్దవాళ్ళం విన్నాం! మగ్గాల దగ్గర బతికిన ముగ్గురిని సాక్షులుగా నిలబెట్టి, చెవులు సరిగ్గా ఉన్న నలుగురితో రెండు రోజులు వాదించింది.

మధ్యాహ్నం అన్నం తింటూ దత్తాత్రి ఉపాయం చెప్పాడు. “ఫోన్ ఖరాబైందను. ఖతం.”

“రెండు ఫోన్లు మార్చిన అని రాసిన గద.”

“అయితె నెట్ అను. నెట్‌ను ఎవలు ఎదురడుగరు.”

“అబద్ధమాడాల్నా?”

“మరి సచ్ జెప్పు. చెవులు ఇనబడని దానికి ‘విని చెప్పు’ పాఠం ఎవడిస్తడు? నువ్వే ఇస్తవా?”

ఇవ్వదు. నిజాయితీ గురించి అయిదు పాఠాలు రాసిన మనిషి, పన్నెండు ప్రశ్నలతో సహా, నెట్ మీద నెట్టేయడానికే సిద్ధపడింది. కండెల మిషన్ స్టూలు ఎత్తు ఆమె నడుముకు ఇంకా గుర్తుంది.

మూడింటికి తెర మీద రెండు ముఖాలు వచ్చాయి. అనురాధ ముఖం అలసటగా ఉంది. స్వప్నిల్ పాతికేళ్ళ కుర్రాడు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, ముఖం ముడుచుకుని ఉన్నాడు. అందరి ముందూ అజాగ్రత్తగాడనిపించుకున్నవాడి ముఖం అంతకన్నా ఎలా ఉంటుంది?

“నెట్ సరిగా లేదండీ. ఫైళ్ళు సగమే దిగినట్టున్నాయి. ఇవాళ వినిపిస్తున్నాయి,” అంది జమున. “స్వప్నిల్ గారు ఏమనుకోవద్దు. తప్పు నాదే.”

అనురాధ ఊపిరి వదిలింది. “సరే, వదిలేద్దాం. ఎలాగూ కలిశాం కదా, అయిదో పాఠానికి చప్పుళ్ళు ఇప్పుడే ఎంచేద్దాం. ఒక్కోదానికి స్వప్నిల్ రెండు పెట్టారు, ఏ, బీ అని. పిల్లలకు ఏది బాగుంటుందో మీరు చెప్పండి. మీకే బాగా తెలుస్తుంది.”

జమున తెరకు దగ్గరగా జరిగింది. లాప్‌టాప్ తెర మీద చప్పుడు ఆకుపచ్చ గీతలా పాకుతుంది. చప్పుడు ఉన్నచోట ఎగిరిపడుతుంది, లేనిచోట సాఫుగా ఉంటుంది. చెవితో పని కాకపోతే కంటితో కానిద్దామనుకుంది.

మొదటిది కుక్క. అది ఎవరికైనా వినిపిస్తుంది. బీ అంది. రైలు, ఏ. బిందెలో నీళ్ళు, ఏ. పిచ్చుక సగం సగం వినిపించింది, మిగతా సగం గీత చెప్పింది, ఏ అంది. అనురాధ తల ఊపుతూ రాసుకుంటోంది. అయిదోది కీచురాయి. ఏ నొక్కితే గీత సన్నగా వణికింది. బీ నొక్కితే ఈ చివర నుంచి ఆ చివర దాకా దట్టంగా నిండిపోయింది. రెంటిలోనూ ఆమె చెవికి అందింది ఒక్కటే, ఏమీ లేకపోవడం.

“బీ. స్పష్టంగా ఉంది,” అంది.

స్వప్నిల్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. “తాయీ, బీలో కీచురాయి లేదు,” అన్నాడు మరాఠీలో. “ఉత్త సన్నటి బుస. నేనే పెట్టాను.”

కాల్‌కు వచ్చే ముందే అతనికి అనుమానం ఉందన్నమాట. కంటితో చూసి చెప్పేవాళ్ళకు సరైనదిలా, చెవితో వినేవాళ్ళకు శుద్ధ తప్పులా కనిపించే జవాబును వెతికి పెట్టాడు. జమున ఆ బెదురులోనూ ఒప్పుకోక తప్పలేదు. తప్పు జవాబు బాగా కుదిర్చాడు.

“జమున గారూ, మీకు నిజంగా ఏది వినిపించింది?” అంది అనురాధ.

ఏ అంటే ఒక అబద్ధం, బీ అంటే ఇంకొకటి.

“ఏమీ వినిపించలేదండీ,” అంది జమున. “రెండూ వినిపించలేదు. నాకు, మా ఆయనకు, మా అత్తకు, సన్నటి చప్పుళ్ళు వినిపించవు. ఇవాళ పొద్దున్నే తెలిసింది. నెట్ బాగానే ఉంది.”

“అయ్యో, మీ పరిస్థితి...” అని అనురాధ మొదలుపెట్టింది.

“దానికి డాక్టరున్నడండీ, పోయి జూపిచ్చుకుంట,” అంది జమున. మర్యాద భాష ఎప్పుడు జారిపోయిందో ఆమె చూసుకోలేదు. “ఉద్యోగం గురించి జెప్పండి.”

అనురాధ పెన్ను మూసింది. “వినే పాఠాలు మీ దగ్గర ఉంచలేను. అది మీకూ తెలుసు.”

“తెలుసు. మరి నేను ఒకటి జెప్తా, అది మీకు తెల్వదు.” జమున పొద్దుటి వీడియో తెరిచింది. పక్కన బుధవారం నాటి మార్కులు పెట్టింది. “ఈ ఆరుగురు బుధవారం ఏడోది, పదకొండోది తప్పు నొక్కిన్రు. ఇయ్యాల పదికి పది. రెండు దినాలల్ల పిల్లలకు కొత్త చెవులు రాలే, కొత్త తెలివి రాలే. కింద సాంచలు ఆగినయి, గంతే. మీ యాప్ ఏం జేసింది? రెండు తప్పులయినయని ఆరుగురిని కింది మెట్టుకు దించింది. సాక్షి అనే పిల్ల మూడు నెలలు కష్టపడి ఎక్కిన మెట్టు అది. మీ ప్రశ్న పిల్లను పరీక్షిస్తలేదు మేడమ్, వారాన్ని పరీక్షిస్తున్నది. బుధవారం మొద్దు, శుక్రవారం తెలివైందా?”

“అయితే ఏం చేద్దామంటారు? చప్పుళ్ళు తీసేయాలా?”

“వద్దు. నాలుగో జవాబు పెట్టండి. ‘ఏమీ వినిపించలేదు.’ అది నొక్కితె తప్పు గాదు, ఒప్పు గాదు. ఆ ప్రశ్న పక్కకు పోవాలె, ఇంకో దినం మళ్ళ రావాలె.”

స్వప్నిల్ ముందుకు వంగాడు. “పిల్లలు అన్నింటికీ అదే నొక్కి తప్పించుకుంటారు కదా?”

“నొక్కుతరు. అందుకే నడుమ కుక్కను పెట్టాలె. గట్టిగ మొరిగేదాన్ని. దానిక్కూడ ఏం వినిపించలేదన్నరంటె అప్పుడు పిల్లలు మాయజేస్తున్నట్టు, లేకుంటె ఫోన్ చెడిపోయినట్టు. మీరు నాకు బీ పెట్టలేదా ఇప్పుడే, గట్లనే.”

స్వప్నిల్ నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు.

అనురాధ నవ్వలేదు. గడియారం చూసింది. “పాఠం మొత్తం అలా మార్చి రాసి ఆరు లోపల పంపండి. మీ లెక్కల పాఠాలూ అప్పటికే అందాలి. గడువు మీకోసం జరపను.”

నాలుగు కావస్తోంది. జమున పన్నెండు ప్రశ్నలకూ నాలుగో జవాబు కలిపింది. అది నొక్కాక ఏం జరగాలో ఒక్కోదానికీ రాసింది. అక్షరాలు రాని పిల్లలకు ఆ జవాబు ఎలా తెలుస్తుందని సగంలో తట్టి, చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్న బొమ్మ వేయాలని చేర్చింది. మగ్గాల దగ్గర, వినబడటం లేదని చెప్పడానికి అందరూ చేసే సైగ అదే. లెక్కల పాఠాల్లో ఒకదాంట్లో రెండు సరైన జవాబులు దొర్లడం అయిదున్నరకు కంటపడింది. దాన్ని దిద్ది అయిదూ యాభై రెండుకు అన్నీ పంపింది.

ఏడింటికి జవాబు వచ్చింది. “గణితం మీకు, ఆరు నెలలు. వినే పాఠాలు మీ అయిదుగురిలోని పూనంకు ఇచ్చాం. నాలుగో జవాబు అన్ని వినే పాఠాల్లోనూ పెడుతున్నాం. ఏడాది సంగతి ఆరు నెలల తర్వాత చూద్దాం.” అంతే. ఒక్క మెచ్చుకోలు మాట లేదు. జమునకు అదే నయమనిపించింది.

“ఉన్నదా, పోయిందా?” అని అడిగింది ఎల్లమ్మ గడప దగ్గర నుంచి.

“సగం ఉన్నది.”

“సగానికి సేఠ్‌కు ఏం జెప్పాలె?”

“రానని జెప్పు.”

ఎల్లమ్మ మూతి తిప్పింది. జమున ఆ మెయిలుతో పాటు వచ్చిన నమూనా పాఠం తెరిచి ఫోన్ ఆమె చేతికిచ్చింది. “ఇగో, నువ్వు గూడ ఒకపారి ఆడు. ఇనబడ్డది నొక్కు.” ఎల్లమ్మ కీచురాయి ప్రశ్న దగ్గర ఫోన్‌ను చెవికి ఆనించుకుంది, దూరంగా పట్టుకుని చూసింది, చివరికి చెయ్యి అడ్డం పెట్టుకున్న బొమ్మను గుర్తుపట్టి నొక్కింది. ప్రశ్న పక్కకు జరిగిపోయింది.

“ఏమైంది? గెలిచిన్నా?”

“గెల్వలే, ఓడలే. ఇంకో దినం మళ్ళ అడుగుతది.”

“ఇంకో దినం అడిగితె మాత్రం నాకు ఇనబడ్తదా? ఉత్త పిచ్చి యాప్. గింత దానికి జీతమిస్తరా?” అని ఫోన్ తిరిగిచ్చేసి ఎల్లమ్మ వంటకు లేచింది.

జమున అక్కడే నిలబడిపోయింది. మగ్గాలు ఆగిన రోజు కూడా వినిపించని పిల్ల ఉంటే? ఆ ప్రశ్న ఆ పిల్ల చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. తప్పనదు, ఒప్పనదు, ఎవరికీ చెప్పదు. ఈ ఇంట్లో జరిగినట్టే. ఆమె లాప్‌టాప్ మళ్ళీ తెరిచింది.

“ఇంకో మార్పు. కుక్క వినిపించి కీచురాయి వినిపించలేదని ఒకే పిల్ల వేర్వేరు రోజుల్లో అయిదుసార్లు నొక్కితే, ఇంట్లోవాళ్ళ ఫోన్‌కు ఒక మాట వెళ్ళాలి: పిల్ల చెవులు డాక్టరుకు చూపించండి. వినే పాఠాలు నావి కావని తెలుసు. పూనంకు ఇవ్వండి.” 

రాసి, అలవాటు కొద్దీ చివర ఒక వాక్యం చేర్చింది: “ఆ మాట తల్లిదండ్రులకు చదివి వినిపిస్తే చాలదు, వాళ్ళకూ వినిపించకపోవచ్చు, రాతలో పంపండి.” ఈసారి ఆ వాక్యం అక్కర్లేనిదో కాదో ఆమె కాసేపు చూసింది. తీసేయకుండా, అందరికీ పంపింది.